అన్నయ్య చేతిలో కంపెనీ, చెల్లెలి పేర షేర్లు: పది శాతం లోపు ఉంటే ట్రిబ్యునల్‌కు వెళ్ళలేమా?

మీ ప్రశ్నను ముందు క్లుప్తంగా చెప్పుకుందాం. తర్వాత చదివేవాళ్ళకూ అక్కరకొస్తుంది. గుంటూరు దగ్గర మీ నాన్నగారు పెట్టిన జిన్నింగ్ మిల్లు (పత్తి నుంచి గింజలు వేరు చేసేది) ఒక ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ. మొత్తం 10 లక్షల షేర్లు: నాన్నగారివి 40 శాతం, పెద్దన్నయ్యవి 25, చిన్నన్నయ్యవి 20, మీవి 15. 2019లో నాన్నగారు పోయారు. ఆయన షేర్లన్నీ, నామినీ అన్న మాట మీద, పెద్దన్నయ్య పేరుకు మారాయి. రెండేళ్ళ క్రితం మరో 8 లక్షల కొత్త షేర్లు పది రూపాయల ముఖవిలువకే ఆయన ఒక్కరికే ఇచ్చారు. మీరు ఎప్పటినుంచో డైరెక్టరు. ఏడాదిగా మీటింగులకు రావడం లేదని ఆ పదవి ఖాళీ అయినట్టు రాసేశారు. ఇదంతా పోయిన నెల కంపెనీల వ్యవహారాలు చూసే కేంద్ర శాఖ వారి ఎంసీఏ పోర్టల్ తెరిస్తే గానీ మీకు తెలియలేదు. ఇప్పుడు 60 లక్షలు తీసుకుని సంతకాలు పెట్టమంటున్నారు. మీరు కలిసిన వకీలు గారేమో మీ వాటా పది శాతం కన్నా తగ్గింది కాబట్టి, కంపెనీ తగాదాలు వినే నేషనల్ కంపెనీ లా ట్రిబ్యునల్ (ఎన్‌సీఎల్‌టీ)కు వెళ్ళే అర్హత లేదన్నారు.

అర్హత ఉంది. కంపెనీల కేసులే చూస్తూ వచ్చినవాణ్ణి కాబట్టి ధైర్యంగా చెబుతున్నాను. మెజారిటీ వాళ్ళ అణచివేత మీద ఫిర్యాదు 2013 కంపెనీల చట్టంలో 241వ సెక్షన్ కింద వేస్తారు, ఎవరు వేయవచ్చో 244 చెబుతుంది. ఇష్యూ చేసిన మూలధనంలో పదోవంతు ఉన్నవాళ్ళు వేయవచ్చన్న మాట నిజమే, కానీ అది సగమే. వంద మంది సభ్యులు గానీ, మొత్తం సభ్యుల సంఖ్యలో పదోవంతు గానీ, ఏది తక్కువైతే అంత మంది కలిసినా వేయవచ్చు. మీ కంపెనీలో సభ్యులు, వదిన గారితో కలిపినా, నలుగురు. నలుగురిలో ఒక్కరు పదోవంతు కన్నా ఎక్కువే. అంటే మీ దగ్గర ఒక్క శాతం ఉన్నా మీరు ఒక్కరే వెళ్ళవచ్చు. కుటుంబ కంపెనీలు చాలావరకు పది మంది లోపు సభ్యులతోనే నడుస్తాయి. అయినా ఈ 'పది శాతం' మాట విని ఇంట్లో కూర్చున్న ఆడపిల్లలు ఎంతమందో. అర్హత చాలకపోయినా మినహాయింపు ఇచ్చే అధికారం ట్రిబ్యునల్‌కు ఉంది. టాటా సన్స్ మీద సైరస్ మిస్త్రీ కుటుంబ సంస్థలు వేసిన కేసు 2017లో అలాంటి మినహాయింపుతోనే ముందుకు నడిచింది.

ఇక అసలు లెక్క. మీ లక్షన్నర షేర్లు అలాగే ఉన్నాయి. మొత్తం 10 లక్షల నుంచి 18 లక్షలు అయ్యేసరికి మీ వాటా 15 నుంచి 8.33 శాతానికి దిగింది. మీరు రాసినదాంట్లో చిన్నన్నయ్య ఊసే లేదు, ఆయన లెక్క కూడా చూడండి. ఆయన 20 శాతం 11.11 అయింది. పెద్దన్నయ్యది 80 శాతం దాటింది. 75 శాతం ఓట్లతో నెగ్గాల్సిన ప్రత్యేక తీర్మానాలు ఇకపై ఆయన ఒక్కరే పాస్ చేసుకోగలరు. చిన్నన్నయ్యకు ఇది ఎవరూ కాగితం మీద వేసి చూపించి ఉండరు. మీరు చూపించండి. మీ వైపు రాకపోయినా ఫరవాలేదు. రేపు ట్రిబ్యునల్లో 'మా అందరికీ ఆఫర్ వచ్చింది, మేమే వద్దన్నాం' అని అఫిడవిట్ వేయకుండా ఉంటే అదే పదివేలు.

ఇప్పుడు అన్నిటికన్నా జాగ్రత్తగా నడవాల్సిన చోటు: నాన్నగారి 40 శాతం. వీలునామా లేకపోతే ఆ 40 అమ్మగారికి, ఇద్దరు అన్నయ్యలకు, మీకు సమానంగా రావాలి, తలా పది. నామినీగా పేరున్నంత మాత్రాన సొంతదారు కారని, వారసత్వ చట్టం ప్రకారమే ఆస్తి వెళ్ళాలని 2023 డిసెంబరులో శక్తి యెజ్దానీ కేసులో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. షేర్లకు కూడా అదే. అలా చూస్తే న్యాయంగా మీకు 25, చిన్నన్నయ్యకు 30, అమ్మగారికి 10, పెద్దన్నయ్యకు 35. సరిగ్గా 25తో ప్రత్యేక తీర్మానాన్ని ఆపలేరు, 25 దాటాలి. మీకు అమ్మగారి పది కలిస్తే ఆ కొత్త షేర్ల తీర్మానం నెగ్గేదే కాదు.

చూడటానికి ఇది చాలా బలమైన వాదన. కానీ 241 పిటిషన్‌ను దీని మీద నిలబెట్టకండి. పంకజ్ ఓస్వాల్ కేసులో సరిగ్గా ఇదే జరిగింది. తండ్రి 2016లో పోయారు, నామినేషన్ తల్లి పేర ఉంది. ఓస్వాల్ ఆగ్రో మిల్స్‌లో తండ్రికున్న 39.88 శాతంలో నాలుగోవంతు తనదని కొడుకు ట్రిబ్యునల్‌కు వెళ్ళాడు. ఆ వాటా ఎవరిదో ముందు సివిల్ కోర్టులో తేలాలని, తేలాక అవసరమైతే మళ్ళీ రావచ్చని 2020లో సుప్రీంకోర్టు ఆ ప్రొసీడింగ్స్‌ను ఆపేసింది. ఆ కొడుకు పేరు మీద సొంతంగా ఉన్నవి మరీ నామమాత్రం. మీ సంగతి వేరు. రిజిస్టరులో మీ పేరు మీదే లక్షన్నర షేర్లు ఉన్నాయి. కాబట్టి ట్రిబ్యునల్లో మీ సొంత 15 శాతం మీద నిలబడండి. నాన్నగారి వాటా కోసం సివిల్ కోర్టులో పార్టిషన్ దావా విడిగా వేయండి. రెంటినీ ఒకే పిటిషన్‌లో కలిపితే, అవతలి లాయరు మొదటి వాయిదాలోనే 'ఇది వారసత్వ తగాదా' అని మొత్తాన్ని పక్కన పెట్టించే ప్రయత్నం చేస్తాడు. దావాకు ముందు ఒక ప్రశ్న అడిగి తేల్చుకోండి: వీలునామా ఉందా? నాన్నగారి స్వార్జితమైతే ఆయన ఇష్టం వచ్చినవాళ్ళకు రాసే హక్కు ఆయనకుంది. ఉంటే దాని కాపీ చేతికి వచ్చేదాకా ఈ 40 గురించి ఎవరితోనూ గట్టిగా మాట్లాడకండి.

అన్నయ్యలు తరచూ అనే మాట ఒకటుంది: 'పెళ్ళప్పుడే బంగారం, పసుపు కుంకుమల కింద పొలం ఇచ్చాం, ఇంకేం వాటా?' మీ పేరు మీద రిజిస్టరులో ఉన్న షేర్లకూ పెళ్ళినాటి పెట్టుపోతలకూ చట్టంలో ఏ సంబంధమూ లేదు. ఆ షేర్లు మీవి. ఆ మాటకు ఇంట్లో సమాధానం చెప్పాల్సిన పని కూడా లేదు.

ఏది అణచివేత అవుతుంది, ఏది కాదు అన్నది కోర్టులు 1965 నాటి కళింగ ట్యూబ్స్ కేసు నుంచీ చెబుతూనే ఉన్నాయి. ఒక్క అన్యాయమైన పని సాధారణంగా చాలదు. వరసగా, ఫిర్యాదు చేసే నాటికీ సాగుతున్న, నిజాయితీ లేని ప్రవర్తన కనిపించాలి, అది వాటాదారుగా మీకున్న హక్కును దెబ్బతీయాలి. పదవి నుంచి తీసేయడం ఒక్కటే అణచివేత కాదని 2021 మార్చి 26న టాటా, మిస్త్రీ తీర్పులో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. డివిడెండ్ ఇవ్వకపోవడం కూడా ఒక్కటే అయితే నిలవదు. ఫోన్ ఎత్తకపోవడం, మిల్లు గేటు దగ్గర వాచ్‌మన్ ఆపడం, ఫంక్షన్‌కు పిలవకపోవడం మిమ్మల్ని ఎంత బాధపెట్టినా పిటిషన్‌లో వాటికి పేజీలు కేటాయించకండి. మీ కేసును నిలబెట్టేది ఆ 8 లక్షల షేర్లు. డైరెక్టరు పదవి, డివిడెండు, వదిన గారి ఆయిల్ వ్యాపారంతో లావాదేవీలు దానికి గొలుసుగా వెనక రావాలి.

కొత్త షేర్లు జారీ చేసే అధికారం బోర్డుకు కంపెనీ అవసరం కోసం ఇచ్చిందే గానీ తమ పట్టు పెంచుకోవడానికి కాదు. డేల్ అండ్ క్యారింగ్టన్ కేసులో, విదేశంలో ఉన్న మదుపుదారుకు తెలియకుండా మేనేజింగ్ డైరెక్టరు తనకు తానే షేర్లు ఇచ్చుకుని మెజారిటీ తెచ్చుకుంటే, సుప్రీంకోర్టు 2004లో ఆ కేటాయింపునే కొట్టేసింది. మీరు మొదట చదవాల్సిన తీర్పు ఇదే. రెండోది, మీకు నచ్చకపోయినా చదవాల్సింది, 1981 నాటి నీడిల్ ఇండస్ట్రీస్ తీర్పు. నీలగిరి కొండల్లో సూదులు చేసే కంపెనీ. విదేశీ వాటాదారుల వాటా తగ్గేలా రైట్స్ షేర్లు (ఉన్న వాటాదారులకే వాళ్ళ వాటా ప్రకారం ముందు ఇవ్వజూపే కొత్త షేర్లు) ఇచ్చారు. విదేశీ మారకం మీద అప్పటి ఫెరా చట్టం పెట్టిన గడువు వల్ల అది కంపెనీకి నిజంగా అవసరమైందని, కాబట్టి అణచివేత కాదని కోర్టు అంది. అయినా భారతీయ వాటాదారులు న్యాయం కాని లాభం పొందారని షేరుకు 90 రూపాయల చొప్పున 9,495 షేర్లకు 8,54,550 రూపాయలు కట్టమంది. దీన్నిబట్టి మీ అన్నయ్య తరఫువాళ్ళు ఏం చెబుతారో ముందే ఊహించుకోవచ్చు: 'బ్యాంకు అడిగింది, కొత్త జిన్నులు కొనాలి, డబ్బు అత్యవసరమైంది.' 8 లక్షల షేర్లకు వచ్చిందెంత? 80 లక్షలు. ఆ 80 లక్షలు ఎక్కడికి వెళ్ళాయో ఆ ఏడాది బ్యాలెన్స్ షీట్లో చూడండి. యంత్రాలకు వెళ్ళలేదు, పెద్దన్నయ్యకే కంపెనీ బాకీ ఉన్న అప్పు కింద సర్దుబాటు అయిందంటే వాళ్ళ వాదన అక్కడే బలహీనపడుతుంది.

కాగితాల దగ్గర కొంచెం ఆగుదాం, కేసు తేలేది వీటి మీదే. పోర్టల్లో నామమాత్రపు రుసుము కట్టి కంపెనీ దాఖలు చేసిన పబ్లిక్ పత్రాలన్నీ దించుకోండి. షేర్ల కేటాయింపు వివరాలు చెప్పే పీఏఎస్-3 ఫారం తీసి దానికి జత చేసిన బోర్డు తీర్మానం తేదీ చూడండి. ఆ తేదీన మీరు ఇంకా డైరెక్టరేనా? అయితే ఆ బోర్డు మీటింగ్‌కు ఏడు రోజుల ముందు రాతపూర్వక నోటీసు మీకు రావాలి. ఆ షేర్లు రైట్స్ కింద ఇచ్చామంటే మీకూ ఆఫర్ లెటర్ రావాలి, అది అందినట్టు రుజువు ఉండే పద్ధతిలో, స్పీడ్ పోస్టులోనో ఈ-మెయిల్‌లోనో, పంపాలి. ప్రిఫరెన్షియల్ (ఎంచుకున్నవాళ్ళకే ఇచ్చే పద్ధతి) కింద అంటే ప్రత్యేక తీర్మానం, రిజిస్టర్డ్ వాల్యుయర్ నివేదిక, ఆ తీర్మానాన్ని దాఖలు చేసిన ఎంజీటీ-14 ఫారం ఉండాలి. వాల్యుయర్ మీ మిల్లు షేరు పది రూపాయలే అన్నాడా? ఆ నివేదిక ఉంటే అందులో స్థలం విలువ ఎంత వేశాడో చదవండి. లేకపోతే లేకపోవడమే మీ ఆధారం. డైరెక్టరు పదవి విషయానికి డైరెక్టర్ల మార్పులు తెలిపే డీఐఆర్-12 ఫారం చూడండి. పన్నెండు నెలల పాటు ఒక్క బోర్డు మీటింగ్‌కూ రాకపోతే పదవి దానంతట అదే పోతుందని 167వ సెక్షన్ అంటుంది. నోటీసే పంపకుండా 'రాలేదు' అనడం కుటుంబ కంపెనీల్లో బాగా వాడే ఎత్తుగడ. పన్నెండు నెలల్లో ఏయే తేదీల్లో మీటింగులు జరిగాయి, ప్రతి దానికీ మీకు నోటీసు ఎలా పంపారు అని రాతపూర్వకంగా అడగండి. జవాబు వచ్చినా రాకపోయినా మీకు మంచిదే.

తర్వాత ఏటా లెక్కలు దాఖలు చేసే ఏఓసీ-4 ఫారానికి జత చేసిన లెక్కల్లో 'సంబంధిత పార్టీల లావాదేవీలు' అన్న నోటు. మీ మిల్లు కొన్న పత్తిలో బరువు ప్రకారం మూడింట ఒక వంతు దూది, మిగతా చాలావరకు గింజలే. వదిన గారి పేర ఉన్న ఆయిల్ వ్యాపారానికి గింజలు అమ్ముతున్నారని రాశారు. ఆ నోటులో ఏడాది మొత్తం ఎన్ని లక్షలకు అమ్మారో ఉంటుంది. బరువు జీఎస్టీ బిల్లుల్లో ఉంటుంది, అది ట్రిబ్యునల్ ద్వారా తెప్పించుకోవచ్చు. ఆ నెలల్లో గింజల రేటు ఎంతో గుంటూరు, ఆదోని బ్రోకర్ల దగ్గర రాసిపెట్టుకున్న చీటీలే చెబుతాయి. క్వింటాలుకు రెండు మూడు వందలు తేడా ఉన్నా సీజను మొత్తానికి ఎంతవుతుందో మీరే లెక్కేయండి. లాభం డివిడెండుగా అందరికీ పంచకుండా ఒక ఇంటికే గింజల రూపంలోనూ, అన్నయ్యకూ ఆయన కొడుక్కూ జీతాల రూపంలోనూ వెళుతోందని చూపగలిగితే, డివిడెండు లేకపోవడం అప్పుడు అర్థవంతమైన ఆరోపణ అవుతుంది.

సర్వసభ్య సమావేశాల మినిట్స్ చూసే హక్కు వాటాదారుగా మీకుంది, బోర్డు మినిట్స్‌కు ఆ హక్కు లేదు. అవి డైరెక్టర్లకే. ఈ తేడా తెలియక అన్నీ కలిపి అడిగితే, అన్నిటినీ కలిపి కాదంటారు.

ఇంతకీ మీకేం కావాలి? పిటిషన్ రాయడానికి ముందు ఇది తేల్చుకోవాలి, నేను అందరికీ మొదట చెప్పేదీ ఇదే. మళ్ళీ బోర్డులో కూర్చుని మిల్లు నడపాలనా, మీ వాటాకు న్యాయమైన ధర తీసుకుని బయటికి రావాలనా? 242వ సెక్షన్ ట్రిబ్యునల్‌కు చాలా విశాలమైన అధికారాలు ఇచ్చింది. షేర్ల కేటాయింపు రద్దు చేయవచ్చు, డైరెక్టర్లను తీసేయవచ్చు, అక్రమంగా పొందిన లాభాన్ని తిరిగి కట్టించవచ్చు, ఒకరి షేర్లు మరొకరు కొనాలని ఆదేశించవచ్చు. కానీ ముఖాలు చూసుకోని అన్నాచెల్లెళ్ళు ఒకే మిల్లు నడపడం జరిగే పని కాదని ట్రిబ్యునల్‌కూ తెలుసు. ఇలాంటి కేసులు ఎక్కువగా వాటా కొనుగోలుతోనే ముగుస్తాయి, తీర్పుతో గానీ రాజీతో గానీ. మురుగప్ప కుటుంబంలో తండ్రి పోయాక బోర్డులో చోటు అడిగిన వల్లి అరుణాచలం గారి వివాదం కూడా 2023లో రాజీతోనే ముగిసింది. అందుకని, బయటికి రావడమే మీ ఉద్దేశమైతే, మీ పోరాటమంతా ధర మీద ఉండాలి. కేటాయింపు రద్దు కోసం అడిగేది కూడా ఆ ధర కోసమే: 8.33 మీద లెక్క కట్టాలా, 15 మీద కట్టాలా అన్న ప్రశ్న అది.

ఆ 60 లక్షల ప్రతిపాదన సంగతి చూడండి. మిల్లు స్థలం 1990లలో కొన్నది. పుస్తకాల్లో ఇప్పటికీ అప్పటి ధరే ఉంటుంది. అమరావతి ప్రకటన తర్వాత ఆ చుట్టుపక్కల భూమి ఎక్కడికి పోయిందో మీకు నేను చెప్పక్కర్లేదు. పుస్తక విలువ మీద లెక్కగట్టిన ఏ అంకెనూ చర్చకు కూడా ఒప్పుకోకండి. రిజిస్టర్డ్ వాల్యుయర్‌ను ఇద్దరూ ఒప్పుకున్నవాళ్ళనో ట్రిబ్యునల్ నియమించినవాళ్ళనో పెట్టమనండి. స్థలం మార్కెట్ విలువ మీద చూడాలి, కొత్త షేర్లకు ముందున్న వాటా మీద చూడాలి, గింజల తేడా, అధిక జీతాలు లాభంలోకి తిరిగి కలపాలి, 'మైనారిటీ వాటా కాబట్టి తగ్గింపు' వేయకూడదు. ఈ చివరిది మీద గట్టిగా వాదన జరుగుతుంది. తండ్రి పెట్టి పిల్లలంతా కలిసి నడిపిన, పేరుకే కంపెనీ అయిన భాగస్వామ్యంలో నుంచి గెంటేసిన మనిషికి ఆ తగ్గింపు వేయడం అన్యాయమన్నది మీ జవాబు.

పిటిషన్ ఎక్కడ వేయాలో రిజిస్టర్డ్ ఆఫీసు చిరునామా తేలుస్తుంది. మీది ఆంధ్రలో కాబట్టి ఎన్‌సీఎల్‌టీ అమరావతి బెంచి. ఈ విషయాల్లో సివిల్ కోర్టుకు అధికారం లేదని 430వ సెక్షన్ అంటుంది. ఓడితే 45 రోజుల్లో అప్పీలు, అప్పీలు ట్రిబ్యునల్ చెన్నై బెంచికి. మూడేళ్ళ కాలపరిమితి ఉంది. మీకు తెలిసిన రోజు నుంచి లెక్కించాలని మీరంటారు, ఫారం దాఖలైన రోజు నుంచని వాళ్ళంటారు. రెండేళ్ళు ఇప్పటికే అయ్యాయి, మిగిలిన ఏడాదిని పెద్దమనుషుల పంచాయితీల్లో కరగనీయకండి. పిటిషన్‌లో, కంపెనీని మూసేయడానికి న్యాయమైన కారణం ఉంది గానీ మూసేస్తే మాకే నష్టం అన్న వాదన స్పష్టంగా ఉండాలి. చట్టం ఆ రెండూ కోరుతుంది, చాలా పిటిషన్లు ఇక్కడే జారిపోతాయి. మొదటి రోజే మధ్యంతర ఉత్తర్వు అడగండి: వాటాల్లో మార్పు చేయకూడదు, మిల్లు స్థలం అమ్మకూడదు, కొత్తగా తాకట్టు పెట్టకూడదు. తుది తీర్పుకు ఏళ్ళు పడుతుంది. ఈ ఉత్తర్వు వచ్చిన వారం పది రోజుల్లోనే రాజీ మాటలు మొదలవడం చాలాసార్లు చూశాను. పోలీసు స్టేషన్ వైపు మాత్రం ఇప్పుడే వెళ్ళకండి. ఫోర్జరీ సంతకం చేతిలో ఉంటే తప్ప, క్రిమినల్ కేసు రాజీ తలుపు మూసేస్తుంది, మీ ధర పెంచదు.

ఈలోగా సంతకాలు. ఆడిటర్ ఆఫీసు నుంచి 'నాన్నగారి కాలంలోలాగే' అంటూ ఖాళీ కాగితాలు వస్తే పెట్టకండి. ఎస్‌హెచ్-4 అన్న ఫారం షేర్ల బదిలీ పత్రం, దాని మీద ఖాళీగా సంతకం చేసి ఇస్తే షేర్లు ఇచ్చేసినట్టే. గతంలో అలా ఇచ్చి ఉంటే, దాన్ని ఉపసంహరించుకుంటున్నానని కంపెనీకి, ఆడిటరుకు ఈ వారమే రిజిస్టర్డ్ పోస్టులో రాయండి. ఇంట్లో 'వాటాలు ఇలా ఉండాలి, బయటికి అమ్మకూడదు' అని రాసుకున్న ఒప్పందం ఉందన్నారు కదా, అది కంపెనీ నియమావళి అయిన ఆర్టికల్స్‌లోకి ఎక్కిందో లేదో చూడండి. ఆర్టికల్స్‌లో లేని అలాంటి షరతు కంపెనీని గానీ వాటాదారులను గానీ కట్టిపడేయదని రంగరాజ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

మీరు చివర్లో ఒక ముక్కగా రాసిన విషయం నన్ను ఎక్కువ కలవరపెట్టింది: 2014లో మిల్లు బ్యాంకు అప్పు లిమిట్‌కు నాన్నగారు చెబితే మీరూ గ్యారంటీ సంతకం చేశారని, మీ ఇంటి పత్రాలు కూడా బ్యాంకులో ఉన్నాయని. డైరెక్టరు పదవి పోయినా, షేర్లు అమ్మేసినా ఆ గ్యారంటీ పోదు. రేపు అన్నయ్య లిమిట్ పెంచుకుని మిల్లు మునిగితే బ్యాంకు మీ ఇంటికే వస్తుంది. అందుకని 60 లక్షలైనా ఆరు కోట్లైనా, ఏ రాజీ పత్రంలోనైనా ఒక షరతు ఉండి తీరాలి: బ్యాంకు మీ గ్యారంటీని విడుదల చేస్తూ రాతపూర్వకంగా ఇచ్చి, ఇంటి దస్తావేజులు తిరిగి మీ చేతికిచ్చాకే షేర్ల బదిలీ ఫారం మీద మీ సంతకం. అన్నయ్య 'తర్వాత చూసుకుందాం' అంటే ఒప్పుకోకండి. కొత్తగా తీసుకునే అప్పులకు మీ గ్యారంటీ వర్తించదని బ్యాంకు మేనేజరుకు నోటీసు ఇవ్వడం మాత్రం రాజీ కోసం ఆగాల్సిన పని కాదు. మీ గ్యారంటీ పత్రం కాపీ తెచ్చుకుని, అందులో ఉపసంహరణ గురించి ఏ నిబంధన ఉందో మీ వకీలు గారికి చూపించి, రేపే ఇవ్వండి.